ఏరు దాటే తెప్ప, కడలి దాటే తెప్ప

నరసాపురం రేవులో నిలబడితే వసిష్ఠ గోదావరికి అవతల సఖినేటిపల్లి కంటికి ఆనుతుంది. మధ్యలో పంటు అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. బల్లపరుపు అడుగు, నీళ్లలోకి పెద్దగా దిగని పొట్ట, ఒడ్డుకి ఆనగానే కిందికి వాల్చే ఇనప పలక. లారీ, రెండు కార్లు, మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్లివారు, అందరూ దాని మీదే. ఏటి పనికి అంతకంటే నమ్మకమైనది లేదు. అదే పంటుని అంతర్వేది దాకా నడిపించి, అన్నాచెల్లెళ్ల గట్టు దాటించి, సముద్రంలోకి పట్టుకుపోదామా అని సరంగుని అడిగి చూడండి. మీకు ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు చూస్తాడు. రెండూ నీళ్లే కదా అంటే నవ్వుతాడు.

1940 వేసవిలో జర్మనీ చేసింది అచ్చంగా ఆ పనే. రైన్ నదిలో, హాలండు, బెల్జియం కాలువల్లో బొగ్గూ ముడిఇనుమూ మోసుకునే పంట్లని రెండు వేలకు పైగా పోగుచేసి ఆంట్‌వెర్ప్, ఓస్టెండ్, డంకర్క్, కలే, బులోన్ రేవుల్లో కుక్కింది. ముందు భాగం కోసి తలుపులు అమర్చారు. ట్యాంకుల బరువుకి తట్టుకునేలా అడుగున కాంక్రీటు పోశారు. వాటి మీద ఇంగ్లీషు ఛానెల్ దాటి ఇంగ్లండు దక్షిణ తీరాన దండు దిగాలని పథకం. దాని పేరు సీ లయన్. దిగలేదు. నాలుగేళ్లకి అవే నీళ్లని ఎదురు దిశలో ఇంకో దండు దాటింది. 1944 జూన్ 6న నార్మండీ ఒడ్డున దిగింది. ఆ పథకం పేరు ఓవర్‌లార్డ్.

ఈ రెండిటినీ విడివిడిగా చదివిన పుస్తకాలు లెక్కలేనన్ని. సీ లయన్ గురించి ఎక్కడ మాట వచ్చినా ఒకే ప్రశ్న: బ్రిటిష్ వాయుసేన ఓడిపోయి ఉంటే హిట్లర్ లండన్ చేరేవాడా? నా వరకు ఆ ప్రశ్నే తప్పుదోవ. రెండు పథకాలనీ పక్కపక్కన పెట్టుకుని, రెండు కావ్యాల్ని చదివినట్టు మాట మాటా పట్టి చదివితే, మొదటి పథకం ఆకాశంలో ఓడిపోయేదాకా ఆగలేదనిపిస్తుంది. కాగితం మీదే ఓడిపోయింది.

మొదటి కాగితం 1940 జులై 16న హిట్లర్ సంతకం చేసిన 16వ నంబరు ఆదేశం. రెండోది 1943 జులైలో బ్రిటిష్ లెఫ్టినెంట్ జనరల్ ఫ్రెడరిక్ మోర్గన్ బృందం పూర్తిచేసిన ఓవర్‌లార్డ్ ముసాయిదా.

జర్మన్ ఆదేశం కొద్ది పేజీలే. దాని మొదట్లోనే ఒక చిన్న మాట నన్ను ఆపేసింది: అవసరమైతే. ఇంగ్లండు రాజీకి రావడం లేదు గనుక దండు దింపడానికి సన్నాహాలు చేయాలనీ, అవసరమైతే దింపాలనీ నిర్ణయించాను అంటాడు హిట్లర్. సముద్రం దాటి ఒక దేశాన్ని పట్టుకోవాలని బయల్దేరినవాడు రాసే మాటేనా ఇది? అవతలివాడు భయపడి తలుపు తీస్తే బాగుండునన్న ఆశ ఆ మాటలో కనిపిస్తుంది. సన్నాహాలన్నీ ఆగస్టు నడిమికల్లా, అంటే నెల రోజుల్లో, పూర్తి కావాలట.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. ఈ దాటుడు విశాలమైన ముఖం మీద ఒక్కసారిగా ఏరు దాటినట్టు జరగాలన్నది అందులోని ఊహ. అంతకు నాలుగు రోజుల ముందు జనరల్ యోడ్ల్ రాసిన పత్రంలో ఆ పోలిక బాహాటంగానే ఉంది. విమాన దళం ఫిరంగుల పని చేస్తుంది, నౌకాదళం ఇంజనీర్ల పని చేస్తుంది. ఏరు దాటేటప్పుడు వంతెన వేసి తప్పుకునే ఇంజనీర్లు ఉంటారే, వాళ్ల పని. పోలండులో, ఫ్రాన్సులో ఆ సైన్యానికి పనికొచ్చిన ఎత్తు అదే. మ్యూజ్ నదిని మే నెలలో దాటారు, జూన్‌లో ఇంకొన్ని దాటారు. ఆ ఊపులో ఛానెల్ కూడా కాస్త వెడల్పాటి ఏరులా కనబడింది. డోవర్ దగ్గర వెడల్పు 33 కిలోమీటర్లే. తెరిపి రోజున కలే నుంచి చూస్తే అవతలి సుద్ద కొండలు తెల్లగా మెరుస్తాయి. సఖినేటిపల్లి కనబడినట్టే.

మోర్గన్ సంగతి వేరు. ఆయనకి ఈ పని అప్పగించిన బ్రిటిష్ సైన్యాధిపతి ఆలన్ బ్రూక్, ఇది ఎలాగూ కుదరదు, కానీ కుదిరించాల్సింది మాత్రం నువ్వేనన్న అర్థంలో మాట్లాడాడని మోర్గనే తరవాత చెప్పుకున్నాడు. ఒకడు అవసరమైతే అన్నాడు, ఇంకొకడు కుదరదు గానీ చెయ్యాలి అన్నాడు. రెండో మాటలో నమ్మకం తక్కువే, కానీ పని ఉంది. మోర్గన్ ముసాయిదా దండు ఎలా దిగాలన్న దగ్గర ఆగిపోలేదు. దిగిన మర్నాడు, వారం తరవాత, మూడు నెలల తరవాత ఎన్ని టన్నులు ఏ దారిన ఒడ్డెక్కాలి అన్న లెక్క మీదే కూర్చుంది. అందుకే ఆ బృందం కలేని కాదనుకుంది. దగ్గరి దారి అదే. శత్రువు కాచుకుని కూర్చున్నదీ అక్కడే. నూటయాభై కిలోమీటర్లకు పైబడ్డ దారి పట్టి నార్మండీని ఎంచుకుంది. ఇరుకు జలసంధి చూసి ఒకడు మురిసిపోయాడు. ఆ ఇరుకే ఉచ్చని ఇంకొకడు గ్రహించాడు.

మనకి ఒక సామెత ఉంది, ఏరు దాటాక తెప్ప తగలేశాడని. విశ్వాసఘాతకుల గురించి చెప్పేది గానీ, అందులో నౌకాశాస్త్రం కూడా ఉంది. ఏరు దాటినవాడు తెప్ప తగలేసినా బతుకుతాడు. వెనక వంతెన పడుతుంది, బండ్లు వస్తాయి. సముద్రం దాటినవాడికి ఆ వెసులుబాటు లేదు. ఆ తెప్పే సాయంత్రానికి వెనక్కి వెళ్లి రేపటి తూటాలూ, ఎల్లుండి రొట్టెలూ తేవాలి. అది ఒక్కసారి రాకపోతే ఒడ్డు మీది మనిషి ఎంత శూరుడైనా ఖైదీయే.

సీ లయన్ తెప్పల్ని కాస్త దగ్గరికి వెళ్లి చూద్దాం. ఒక టగ్గు. దాని వెనక తాడు కట్టిన రెండు పంట్లు, ఒకటి మర ఉన్నది, ఒకటి లేనిది. పోగుచేసిన వాటిలో మూడో వంతుకే మరలున్నాయి. ఈ మూడూ కలిసి గంటకి రెండు మూడు నాట్ల వేగంతో, అంటే మనిషి నడక వేగంతో, రాత్రంతా చీకట్లో పాకాలి. డోవర్ జలసంధిలో పోటు పాట్ల ప్రవాహం అంతకంటే వేగంగా పోయే గంటలుంటాయి. అంటే పంటు ముందుకి నడుస్తున్నా పక్కకి కొట్టుకుపోతూ ఉంటుందన్న మాట. ఒడ్డు దగ్గరికి వచ్చాక టగ్గు తాడు వదులుతుంది. మర ఉన్న పంటు తన దారిన పోతుంది. లేనిదాన్ని చిన్న మరపడవలు పక్కనుంచి నెట్టాలి. నేల తగిలాక ముందు తలుపు తీసి పలకలు వెయ్యాలి. అప్పుడు మనుషులు, తరవాత బండ్లు, ఆ తరవాత గుర్రాలు. అవును, గుర్రాలు. మెరుపు యుద్ధం అని పేరు పొందిన ఆ సైన్యం బండ్లు లాగడానికి మొదటి దఫాలోనే నాలుగు వేలకు పైగా గుర్రాల్ని తీసుకుపోవాలనుకుంది. అలల మీద ఊగే పంటులో రాత్రంతా నిలబడ్డ గుర్రం తెల్లవారుజామున తుపాకుల మోతలో ఇసుక మీదికి దిగడం ఊహించుకోండి. గుర్రాన్ని సంతలో లారీ ఎక్కించినవాడెవడైనా ఈ పథకాన్ని చింపి పారేసేవాడు.

దిగాక? పాటు మొదలైన రెండు గంటలకు పంట్లు ఒడ్డు తాకాలని నౌకాదళం లెక్క. నీళ్లు తీస్తాయి, పంటు ఇసుకలో కూర్చుంటుంది, సరుకు దించడం సులువు. బాగానే ఉంది. కానీ మళ్లీ పోటు వచ్చి లేపేదాకా, దాదాపు సగం రోజు, ఆ పంటు కదలదు. పగటి పూట వేల పంట్లు ఇసుకలో కూరుకుని ఉంటాయి. సముద్రం మీద బ్రిటిష్ డిస్ట్రాయర్లు. పెద్దగా వివరించనక్కర్లేదు.

ఇప్పుడు రెండో పక్క చూడండి. ఓవర్‌లార్డ్‌లో ఎల్‌ఎస్‌టీ అనే ట్యాంకుల ఓడ ఉంది. డంకర్క్ నుంచి బ్రిటిష్ సైన్యం వెనక్కి వచ్చాక చర్చిల్ పోరు పెట్టి చేయించిన ఆలోచన, అమెరికా నౌకాశాలల్లో వెయ్యికి పైగా తయారైంది. నడిసముద్రంలో బరువుకి నీళ్లు నింపుకుని లోతుగా కూర్చుంటుంది. ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి ఆ నీళ్లు తోడేసుకుని తేలికవుతుంది. అప్పుడు ముందు భాగం మీటరు లోతు నీళ్లు చాలు. మూతి తెరుచుకుంటే ట్యాంకులు నేరుగా బయటికి. ఒకే ఓడ సముద్రంలో సముద్రపు ఓడగా, ఒడ్డున పంటుగా ప్రవర్తిస్తుంది. రైన్ పంటుకి ఆ రెండో రూపమే ఉంది.

అయితే నాకు ఎక్కువ రుచించేది ఇది కాదు. 1944 జూన్‌లో అమెరికన్లు కూడా ఈ ఎల్‌ఎస్‌టీల్ని కావాలనే పాటు మీద ఇసుకలో కూర్చోబెట్టారు. నీళ్లు తీశాక తాపీగా లారీలు దింపి, పోటు వచ్చాక తేలి వెళ్లిపోయారు. సీ లయన్ పంటు చెయ్యబోయిన పనే. ఒకచోట అది చావు, ఇంకోచోట అది రోజువారీ పని. తేడా ఓడలోనూ లేదు, ఇసుకలోనూ లేదు. వీపు వెనక సముద్రం ఎవరిదన్న దాంట్లో ఉంది.

మల్‌బరీ అనే కృత్రిమ రేవుల కథ చాలామందికి తెలిసిందే గనుక నిలబడను. కాంక్రీటు పెట్టెల్ని ఛానెల్ మీదుగా లాక్కొచ్చి ముంచి రెండు రేవులు కట్టారు. మనవాళ్లకి చెప్పడానికి తేలిక మాట ఒకటుంది. హనుమంతుడు ఒక్కడూ లంఘించాడు, నిజమే. కానీ సైన్యాన్ని దాటించాల్సి వచ్చేసరికి నలుడితో సేతువు కట్టించక తప్పలేదు. సీ లయన్ రాసినవాళ్లు వానర సైన్యం మొత్తాన్ని లంఘించమన్నారు.

చంద్రుడి విషయంలోనూ రెండు పథకాలూ చెరో దారి పట్టాయి. సముద్రం మీద బతికేవాళ్లకి తిథి తెలియకపోతే కుదరదు. అమావాస్య, పున్నమిలకి పోట్లు పెద్దవి, అష్టమి నవములకి మెత్తన. మన విశాఖ తీరంలో పోటుకీ పాటుకీ తేడా రెండు మీటర్లు దాటదు. డోవర్ దగ్గర పెద్ద పోట్ల రోజుల్లో ఆరు మీటర్ల దాకా ఉంటుంది. ఒక తాటిచెట్టులో సగం ఎత్తు నీరు రోజుకి రెండుసార్లు వచ్చి పోతుందన్న మాట. జర్మన్ నౌకాదళానికి ఇది తెలుసు. దాటడానికి కాస్త వెన్నెల, దిగడానికి తెల్లవారుజాము, పోటు తిరిగిన రెండు గంటలు, ఇవన్నీ కలిసి వచ్చే రోజులు సెప్టెంబరు మూడో వారం చివర, నాలుగో వారంలో దొరికాయి. సెప్టెంబరు 24 బహుళ అష్టమి ప్రాంతం. అర్ధరాత్రి సగం చంద్రుడు లేస్తాడు, పోట్లు మెత్తగా ఉంటాయి. తిథి ఎంపిక బాగుంది. నౌకాదళం తన పని తాను చేసిందని ఒప్పుకోవాలి. కానీ ఆ తిథి తప్పితే మళ్లీ అక్టోబరు. అక్టోబరులో ఛానెల్ పంట్లకి పనికొచ్చే చోటు కాదు.

ఓవర్‌లార్డ్ పౌర్ణమిని కోరుకుంది. గొడుగు (పారాచూట్) దళాలకి వెన్నెల కావాలి. ఒడ్డున జర్మన్ సేనాని రొమ్మెల్ పాతించిన ఇనప అడ్డుగుంజలు బయటపడేలా తెల్లవారిన కాసేపటికి నీళ్లు బాగా తీసి ఉండాలి. ఈ లెక్క కట్టింది లివర్‌పూల్ దగ్గర బిడ్‌స్టన్‌లో ఆర్థర్ డూడ్సన్ అనే ఆయన. పళ్లచక్రాలూ కప్పీలూ ఉన్న యంత్రాలతో పోటు పాట్లని గంటల వారీగా తేల్చాడు. నౌకాశాఖ నుంచి ఆయనకి ఊరి పేరు రాలేదు, జెడ్ అనే గుర్తు మాత్రం వచ్చింది. ఫలానా జెడ్ దగ్గర ఫలానా తేదీల్లో నీళ్లు ఎంత ఎత్తున ఉంటాయో చెప్పు, అంతే. ఏ ఊరో తెలియకుండా పంచాంగం గుణించిన సిద్ధాంతి అన్న మాట. జూన్ 5, 6, 7 తేల్చారు. వాతావరణం చూసే జేమ్స్ స్టాగ్ మాట విని 5ని 6 చేశారు.

ఇసుక సంగతి కూడా చెప్పాలి. 1943 డిసెంబరు 31 రాత్రి స్కాట్-బౌడెన్, ఓగ్డెన్-స్మిత్ అనే ఇద్దరు బ్రిటిష్ సైనికులు చలి నీళ్లలో ఈదుకుంటూ నార్మండీ ఒడ్డుకి చేరారు. ఊళ్లో జర్మన్లు కొత్త సంవత్సరం పండగలో ఉన్నారు. వీళ్లు ఇసుకలో బోలు కడ్డీలు దించి, నమూనాలు గొట్టాల్లో నింపుకుని మళ్లీ ఈదుకుంటూ పోయారు. ట్యాంకు దిగితే ఆ ఇసుక మోస్తుందా, మింగుతుందా? అది తెలియడం కోసం రెండు ప్రాణాల్ని పందెం కాశారు. సీ లయన్ సన్నాహాల్లో ఇంత ఓపిక నాకు కనిపించదు. ఆ కొద్ది వారాల్లో ఎక్కణ్నుంచి వస్తుంది?

ఇప్పుడు ఆకాశం. ఇక్కడే నా వాదనకి గట్టి అభ్యంతరాలు రావాలి, రానివ్వండి.

జర్మన్ వాయుసేన లుఫ్త్‌వాఫ 1940 ఆగస్టు, సెప్టెంబరుల్లో గెలవలేదు. జులైలో బ్రిటన్ కర్మాగారాల నుంచి ఐదు వందలకు దగ్గరగా కొత్త ఫైటర్లు బయటికొచ్చాయి. జర్మనీవి అందులో సగం కూడా లేవు. సెప్టెంబరు 17న హిట్లర్ దాటుడుని వాయిదా వేశాడు. అక్టోబరు 12న వచ్చే వసంతానికి నెట్టాడు. ఈలోగా బ్రిటిష్ బాంబర్లు రాత్రుళ్లు రేవుల మీద పడి పోగేసిన పడవల్లో పదో వంతుకు పైగా చెడగొట్టాయి. సరే, ఇదంతా తిరగబడిందనుకుందాం. పగటి ఆకాశం జర్మనీదే అనుకుందాం. అప్పుడేం జరుగుతుంది?

సాక్ష్యం రెండు చోట్ల ఉంది. ఒకటి డంకర్క్. 1940 మే చివర, జూన్ మొదట్లో ఇరుకు నీళ్లలో, ఒడ్డుకి కట్టేసిన ఓడల మీద లుఫ్త్‌వాఫ ఇష్టమొచ్చినట్టు బాంబులు వేసింది. ఆరు బ్రిటిష్ డిస్ట్రాయర్లు, మూడు ఫ్రెంచివి మునిగాయి. అయినా 3,38,000 మందిని ఓడలు దాటించాయి. రెండోది క్రీట్ ద్వీపం. 1941 మే. అక్కడ ఆకాశం పూర్తిగా జర్మనీదే, బ్రిటిష్ ఫైటరు ఒక్కటి లేదు. మే 21న దాదాపు 2,300 మంది జర్మన్ సైనికులు గ్రీకు చేపల పడవల్లో, ఒక చిన్న ఇటాలియన్ యుద్ధనౌక తోడుగా, క్రీట్‌కి బయల్దేరారు. అర్ధరాత్రికి ముందు మూడు బ్రిటిష్ క్రూజర్లు, నాలుగు డిస్ట్రాయర్లు వాళ్ల మధ్యలోకి దూసుకొచ్చాయి. సెర్చిలైట్లు వేసి కాల్చాయి, కొన్ని పడవల్ని గుద్దేశాయి. ఆ ఇటాలియన్ నౌక లూపో ప్రాణాలకి తెగించి పోరాడింది, నీళ్లలో పడ్డవాళ్లని చాలామందిని తీసింది. చనిపోయినవాళ్లు మూడు వందల పైచిలుకే. కానీ దళంగా దిగినవాళ్లు లేరు. వెనక వస్తున్న రెండో బారు దారి మళ్లించుకుని వెనక్కి పోయింది. తెల్లవారాక విమానాలు కసి తీర్చుకున్నాయి. క్రీట్ పోరు ముగిసేసరికి బ్రిటిష్‌వాళ్లు మూడు క్రూజర్లు, ఆరు డిస్ట్రాయర్లు పోగొట్టుకున్నారు. ద్వీపం కూడా గొడుగు దళాల చేతుల్లోకి పోయింది. ఇదంతా నిజమే. కానీ సముద్రం మీదుగా వెళ్లిన దండు మాత్రం దిగలేదు.

నా దృష్టిలో సీ లయన్‌కి అసలు రిహార్సల్ అదే. రాత్రి డైవ్ బాంబరుకి కళ్లుండవు. పంట్లు దాటాల్సింది రాత్రే. హార్విచ్, షీర్‌నెస్, పోర్ట్స్‌మత్‌లలో డిస్ట్రాయర్లు ఈ పని కోసమే కాచుకుని ఉన్నాయి. వాటి కెరటాలకే పంట్లు మునిగిపోయేవని కొందరు రాస్తారు. అది కాస్త అతిశయోక్తేమో. అంత అవసరం కూడా లేదు, నాలుగంగుళాల ఫిరంగి చాలు.

మరి నార్వే? 1940 ఏప్రిల్‌లో ఇదే రాయల్ నేవీ ముక్కు కింద నుంచి జర్మన్లు నార్వేలో దిగారు కదా? దిగారు. యుద్ధనౌకల్లోనే సైనికుల్ని ఎక్కించుకుని, ఎవరూ ఊహించని వేళ, కట్టి ఉన్న రేవుల్లోకి. దానికి వెల కూడా కట్టారు. బ్లూషర్, కార్ల్స్‌రూహె, కోనిగ్స్‌బెర్గ్ అనే క్రూజర్లు మునిగాయి. నార్విక్ దగ్గర పది డిస్ట్రాయర్లు పోయాయి, అంటే ఉన్నవాటిలో దాదాపు సగం. పెద్ద యుద్ధనౌకలు షార్న్‌హార్స్ట్, గ్నైసెనౌ దెబ్బలు తిని బాగుచేయించుకుంటున్నాయి. సెప్టెంబరుకి జర్మనీకి మిగిలినవి ఒక పెద్ద క్రూజరు, కొన్ని చిన్నవి, పదో పరకో డిస్ట్రాయర్లు. నార్వే వాదన తెచ్చేవాళ్లు మర్చిపోయేదేమిటంటే, ఆ జూదంలో పెట్టిన డబ్బే రెండో ఆటకి జేబులో లేకపోయింది.

1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడినప్పుడు తీరమంతా ఊళ్లు ఖాళీ అయ్యాయి, జపానువాళ్లు దిగిపోతున్నారని. దిగలేదు. బాంబు వేసి పోవడానికి విమానం చాలు, దిగి ఉండడానికి ఓడలు కావాలి. ఆ వేళ భయంలో ఎవరికీ ఆ తేడా తట్టకపోవడం సహజమే. కానీ దశాబ్దాల తరవాత చరిత్ర రాసేవాళ్లకీ తట్టకపోతే ఏమనాలి?

ఇక మనుషుల సంగతి. 1940 ఆగస్టు 7న సైన్యాధికారి హాల్డర్, నౌకాదళపు ష్నీవిండ్ గొడవపడ్డారు. తక్కువ వెడల్పులో దింపితే, దిగినవాళ్లని నేరుగా కీమా మరలో వేసినట్టే అని హాల్డర్ అభిప్రాయం. పెద్ద ముఖం మీద దింపితే బ్రిటిష్ నౌకాదళం ముందు అది ఆత్మహత్యే అని ష్నీవిండ్ జవాబు. నాకు ఈ ఘట్టమే మొత్తం సీ లయన్ సారం అనిపిస్తుంది, ఎందుకంటే ఇద్దరూ చెప్పింది నిజమే. సైన్యానికి సరిపోయేంత వెడల్పు నౌకాదళం కాయలేదు. నౌకాదళం కాయగలిగిన వెడల్పు సైన్యానికి ఉరి. మధ్యేమార్గంగా ఫోక్‌స్టన్ నుంచి బ్రైటన్ వైపుకి కుదించి, తొమ్మిది డివిజన్లకి తగ్గించారు. ఇద్దరి భయాలూ సగం సగం మిగిలాయి. వీళ్ల పైన ఇద్దరి మాటా విని తేల్చే ఉమ్మడి సేనాని లేడు. వాయుసేనాధిపతి గోరింగ్ తన యుద్ధం తనదన్నట్టు ఉన్నాడు. అంతకు వారం ముందే, జులై 31న, హిట్లర్ తన కొండ ఇంట్లో నౌకాధిపతి రేడర్‌తో ఛానెల్ గురించి మాట్లాడి, అదే రోజు సైన్యాధికారులకి వచ్చే వసంతంలో రష్యా మీదికి పోవాలని చెప్పాడు.

1944లో కూడా గొడవలు తక్కువేం కాదు. మోర్గన్ మూడు డివిజన్లన్నాడు, మాంట్‌గమరీ వచ్చి ఐదు కావాలని పట్టుబట్టాడు. ఓడలు చాలక మే నెల ముహూర్తం జూన్‌కి జరిగింది. విమాన దళాల పెద్దలు అలిగారు. కానీ పైన సర్వసేనాని ఐసెన్‌హోవర్ ఉన్నాడు, కింద ఓడలన్నీ ఒక్క మనిషి చేతిలో ఉన్నాయి. ఆయన అడ్మిరల్ బెర్‌ట్రమ్ రామ్సే. డోవర్ కోట కింద సొరంగాల్లో కూర్చుని డంకర్క్ నుంచి సైన్యాన్ని వెనక్కి తెచ్చింది ఈయనే. ఆ వేసవంతా అదే సొరంగంలో, అదే జలసంధికి కాపలా కూర్చుని, సీ లయన్ వస్తే ఎదుర్కోవాల్సిందీ ఈయనే. దాటడంలో ఎన్ని రకాలుగా చావచ్చో అవతల గట్టున కూర్చుని నేర్చుకున్నాడు. నాలుగేళ్ల తరవాత ఏడు వేల దాకా ఓడల్నీ పడవల్నీ ఆ నీళ్ల మీదే నడిపాడు. జూన్ నెలాఖరుకి ఎనిమిదిన్నర లక్షల మంది, లక్షన్నర దాకా బండ్లు, ఐదు లక్షల డెబ్బై వేల టన్నుల సరుకు ఒడ్డెక్కాయి. ఈ అంకెలు ఒక్కరోజు వీరత్వం కాదు, తెప్ప ఎన్నిసార్లు వెనక్కి వెళ్లి వచ్చిందో దాని లెక్క.

ఈ పోలికలో అన్యాయం ఉందని ఒప్పుకుంటాను. ఒకరికి నెలలు, ఇంకొకరికి ఏళ్లు. 1942 ఆగస్టు 19న దియెప్‌లో ఆరు వేల మందిని దింపి, తొమ్మిది వందలకు పైగా కెనడా ప్రాణాల్ని ఒక్క పూటలో పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం మిత్రపక్షానికి ఉంది. అమెరికా కర్మాగారాలున్నాయి. ఎదుట సముద్రం మీద చెప్పుకోదగ్గ శత్రు నౌకాదళం లేదు. అన్నీ ఉండి కూడా ఒమాహా తీరంలో తేలే ట్యాంకుల దళం ఒకటి నీళ్లలోకి దింపిన 29లో 27 మునిగాయి. జూన్ 19 నుంచి 22 దాకా కొట్టిన తుఫానుకి ఒక మల్‌బరీ రేవు చెల్లాచెదురైంది, ఎనిమిది వందల దాకా పడవలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. ఇంత సరంజామా ఉన్నవాడికే అంత అయిందంటే, సెప్టెంబరు చివరి గాలిలో రైన్ పంటు గతి మీరే ఊహించండి. అంచేత ఈ అన్యాయం నా వాదనని చెడగొట్టకపోగా బలపరుస్తుందనే అనుకుంటున్నాను.

1974లో బ్రిటన్‌లోని శాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయంలో సీ లయన్‌ని ఆటగా ఆడి చూశారు. తీర్పరుల్లో రెండు పక్షాల పాత అధికారులూ ఉన్నారు, జర్మన్ ఫైటర్ సేనాని గలాండ్‌తో సహా. దాదాపు తొంభై వేల మంది జర్మన్లు ఆటలో ఇంగ్లండు ఒడ్డున దిగారు. ఈ మాట చాలామంది మర్చిపోతారు, దిగారు. ఊళ్లలోకి కొంత దూరం చొచ్చుకుపోయారు కూడా. తరవాత రాయల్ నేవీ ఛానెల్‌లోకి వచ్చింది, రెండో దఫా పంట్లు రాలేదు. వెనక్కి చేరినవాళ్లు పదిహేను వేల చిల్లర. ఆట ఆటే, పాచికలు ఇంకోలా పడొచ్చు. అయినా తీర్పరులు ఏకగ్రీవంగా జర్మనీ ఓడిందన్నారు. వాళ్లలో ఫ్రీడ్రిష్ రూగె అనే అడ్మిరల్ ఒకాయన. 1944లో నార్మండీ ఒడ్డున రొమ్మెల్ పక్కన నౌకా సలహాదారుగా నిలబడి ఓవర్‌లార్డ్ రావడం చూసినవాడు. ఒక తెప్ప వచ్చి చేరడం కళ్లతో చూశాడు, ఇంకో తెప్ప మునగడం బల్ల మీద పటం పరచుకుని తీర్పు చెప్పాడు.

సీ లయన్ కోసం తయారుచేసిన వాటిలో ఒక్కటి మాత్రం నిజంగా తెలివైనది ఉంది. రబ్బరుతో సందులన్నీ మూసి, నీటి పైన తేలే గొట్టంతో గాలి పీల్చుకుంటూ సముద్రం అడుగున ఇసుక మీద నడిచి ఒడ్డెక్కాల్సిన ట్యాంకులు. పదిహేను మీటర్ల లోతు దాకా తట్టుకునేలా చేశారు. ఇంగ్లండు ప్రయాణం ఆగిపోయాక వాటిని పారెయ్యలేదు. గొట్టాలు మార్చి తూర్పుకి పంపారు. 1941 జూన్ 22 తెల్లవారుజామున, రష్యా మీద దాడి మొదలైన గంటల్లో, 18వ పాంజర్ డివిజన్‌కి చెందిన ఆ ట్యాంకులు బగ్ నదిలోకి దిగి, అడుగున నడిచి, అవతలి గట్టు ఎక్కాయి.